చిట్టి గురించి రెండో మాట

మొన్న ఎండాకాలం నేను రెండు పనులు మనసు పెట్టి చేశాను. ఒకటి, మా ఆయన్ని ప్రేమించడం. రెండోది, ఆయన బాబాయి మీద పగ తీర్చుకోవడం. రెండింటిలో ఏది ఎక్కువ హాయిగా ఉందంటే చెప్పలేను. మొదటిది ఇంకా నడుస్తోంది కాబట్టి ప్రస్తుతానికి నా ఓటు దానికే.

పెళ్లయి వచ్చేసరికి మా కాపురం షాపు మీది మేడలో. కింద టీవీలు, రేడియోలు, ఫ్యాన్లు అమ్మే షాపు, పైన రెండు వాటాలు. పెద్ద వాటాలో షాపు ఓనరు, అంటే ఆయన బాబాయి, నాకు చిన్నమామయ్య. చిన్న వాటాలో అత్తయ్య, మా ఆయన, నేను. మామగారు పోయినప్పుడు ఈ తల్లీకొడుకుల్ని చేరదీసింది చిన్నమామయ్యే. ఆ సంగతి ఎవరైనా మర్చిపోతారేమోనని ఆయనే అప్పుడప్పుడూ గుర్తు చేస్తుండేవారు. వీధిలో ఆయన్ని ‘షోకేసు’ అనేవాళ్లు. ఎప్పుడు చూసినా అద్దం వెనక దీపాలు వేసి నిలబెట్టినట్టే ఉండేవారు మరి. మా ఆయన ఆ షాపులోనే సేల్స్‌మన్.

చిన్నమామయ్య మా పెళ్లికి ఇచ్చిన కానుక ఒక వీసీఆర్. ఆ ఏడే తెప్పించిన చవక రకం. పేరు ‘చిట్టి’. పెద్ద కంపెనీల వీసీఆర్ కొనే స్తోమత లేనివాళ్లంతా దాన్ని ఎగబడి కొంటున్నారు.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకది తెగ నచ్చేసింది. అట్టపెట్టె విప్పగానే వచ్చే కొత్త ప్లాస్టిక్ వాసనకే నేను సగం పడిపోయాను. బటన్ నొక్కితే పై మూత బద్ధకంగా లేచేది. క్యాసెట్ పెట్టి మూత నొక్కితే ‘ఠక్’మని కూర్చునేది. నేను ఊరికే ఎత్తి, ఊరికే నొక్కుతుంటే మా ఆయన నవ్వేవారు.

“డిగ్రీగారూ, అది మూత. వీణ కాదు.”

డిగ్రీ చదివానని నన్నలా పిలుస్తారు. కోపం వచ్చినట్టు మొహం పెట్టేదాన్ని కానీ, ఆ పిలుపు కోసమే మళ్లీ నొక్కేదాన్ని.

మధ్యాహ్నం ఆయన భోజనానికి పైకి రాగానే కిటికీకి దుప్పటి కట్టి, చాప మీద కూర్చుని మా పెళ్లి క్యాసెట్ చూసేవాళ్లం. రోజూ అదే. అత్తయ్య గోడకి ఆనుకుని, “నిన్న చూసిన పెళ్లేగా, ఇవాళేమన్నా మారుతుందా?” అంటూనే కళ్లు తిప్పకుండా చూసేవారు. అందులో నాకు ప్రాణమైన ముక్క ఒకటుంది. ఫొటోగ్రాఫరు ఇటు చూడండి, ఇటు చూడండి అని అరుస్తుంటే, మా ఆయన అటు చూడటం మానేసి నావైపు తిరిగి, పట్టుబడినవాడిలా నవ్వారు. ఆ నవ్వు దగ్గర నేను వెనక్కి తిప్పి మళ్లీ చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం సరిగ్గా ఆ నవ్వు దగ్గరే బొమ్మ వణికింది. తెర మీద మా ఆయన మొహం గీతలు గీతలుగా చీలి, కిందికి జారిపోయింది. చిట్టి లోపల్నుంచి ఎవరో అప్పడం నలిపిన చప్పుడు. మా ఆయన గభాలున లేచి వైరు పీకి మూత ఎత్తితే, నల్లటి టేపు ముడతలు పడి, పేగుల్లా బయటికి వచ్చింది.

నేను ఏడవలేదు. క్యాసెట్ పట్టుకుని తిన్నగా షాపులోకి దిగాను. చిన్నమామయ్య కళ్లజోడు తుడుచుకుంటూ దానివంక చూశారు.

“డిగ్రీ చదివావు కదమ్మాయ్, క్యాసెట్ పెట్టడం కూడా రాదా?”

“పెట్టడం వచ్చు మామయ్యా. మీ చిట్టికి తియ్యడమే రావట్లేదు.”

షాపులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనకి నచ్చలేదు. “అదిగో చూడు,” అని గుమ్మం దగ్గరి బల్ల చూపించారు. “పొద్దున్నించీ రాత్రిదాకా ఆడుతూనే ఉంది. ఒక్క టేపన్నా నమిలిందా? తప్పు మిషన్‌ది కాదమ్మాయ్, చేతిది.”

నిజమే. గుమ్మంలో తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద టీవీ, దాని పక్కన ఎర్రదీపం వెలుగుతూ ఒక చిట్టి. తెర మీద చిట్టి కొన్నవాళ్ల అభిప్రాయాలు రోజంతా వచ్చేవి. అది చిన్నమామయ్య సొంత బుర్రలో పుట్టిన పద్ధతి. ఎవరు చిట్టి కొన్నా, కౌంటర్ దగ్గర నిలబెట్టి, అట్టపెట్టె చేతుల్లో పెట్టేవారు. మా పెళ్లి వీడియో తీసినతనే, నేను వీడియో అన్నయ్య అంటాను, కెమెరా పట్టుకునేవాడు. మా ఆయన మైకు చాపి, “ఎలా ఉందండీ మా చిట్టి?” అని అడిగేవారు. ఇంకా తాడైనా విప్పని పెట్టెని గుండెలకు హత్తుకుని, “బ్రహ్మాండంగా ఉందండీ!” అనేవాళ్లు. కొత్త వస్తువు చేతిలో ఉంటే ఎవరైనా అలాగే అంటారు. పెళ్లి రోజున మా ఆయన గురించి అడిగితే నేనూ అదే అనేదాన్ని. కాకపోతే మా ఆయన ఇంటికి తెచ్చుకున్నాక కూడా బాగానే పనిచేస్తున్నారు.

ఆ సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ ఆయన్ని అడిగాను. “షాపులో చిట్టి ఎందుకు నమలదు?”

ఆయన పిట్టగోడ మీదనుంచి కిందికి తొంగి చూశారు, ఎవరన్నా వింటున్నారేమోనని. “నువ్వు ఎవరితోనూ అనకు. బల్ల మీది చిట్టి ఖాళీ. దీపం వెలగడానికి కరెంటు మాత్రం ఇచ్చాం. బల్ల కింద, గుడ్డ చాటున వేరే కంపెనీది, ఖరీదైంది ఉంది. ఆడేది అదే.”

“మరి మామయ్య జనం ముందు చిట్టి బటన్లు నొక్కి ఆపుతారు, నడుపుతారుగా?”

“గుడ్డ కిందనుంచి వైరు రిమోట్ వస్తుంది. నేను పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతా. బాబాయ్ పైన నొక్కుతుంటే నేను వెనక నొక్కుతా.” నవ్వబోయి మానేశారు. “బాబాయ్ కళ్లతో చెప్తాడు, నేను వేలితో చేస్తాను. చిన్నప్పటినుంచీ అంతే.”

నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఆ కోపమంతా ఎక్కడికి వెళ్లాలో దారి అడక్కుండానే అక్కడికి వెళ్లిపోయింది.

తర్వాత వారం వీధి చివరి బేకరీ యజమాని వచ్చాడు. భారీ మనిషి, మోచేతులదాకా పిండి. చంకలో చిట్టి. వస్తూనే దాన్ని కౌంటర్ మీద కుదేసి, మా ఆయన కాలర్ పట్టుకున్నాడు. నేను టీ ఫ్లాస్కుతో మెట్ల మీద ఉన్నాను.

“నీ మైకు నా మూతి దగ్గర పెట్టి పొగిడించావు కదరా! నా కూతురి మొదటి డాన్సు టేపు! నమిలి ఉమ్మేసింది నీ చిట్టి! ఇంకో టేపు ఎక్కడనుంచి తేను? ఆ పిల్ల మళ్లీ చిన్నదవుతుందా?”

షాపంతా జనం. చిన్నమామయ్య తాపీగా వచ్చి బేకరీ ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

“వదిలేయండి, కుర్రాడు. పంపేముందు ఒక్కో పీసూ చూసి పంపరా అని మొత్తుకుంటూనే ఉన్నాను. వింటేనా? పెళ్లయ్యాక మరీ ధ్యాస లేదు.” అని మెట్ల మీది నావైపు చూసి కన్ను గీటారు. “ఏం చేస్తాం, వయసు!”

జనం ఘొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయన అంటారేమోనని చూశాను. చిట్టిలన్నీ సీలు వేసిన పెట్టెల్లోనే వస్తాయనీ, విప్పి చూడటానికి వీల్లేదని చెప్పింది మామయ్యేననీ ఒక్క ముక్క అంటారేమోనని. ఆయన తల వంచుకున్నారు.

“క్షమించండి సార్. పొరపాటు నాదే.”

పైకి వచ్చాక చొక్కా విప్పితే కాలర్ మీద అయిదు తెల్లటి వేళ్ల గుర్తులు. నేను ఆ చొక్కా చేతిలో పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగాను.

“ఆయన్ని ఊరికే వదలను.”

“ఊరుకో అమ్మా,” అన్నారు అత్తయ్య, చూపు నేల మీదనుంచి ఎత్తకుండా. “ఆయన నీడన ఉన్నాం.”

“నీడ అయితే చల్లగా ఉండాలి కదా అత్తయ్యా!”

ఆవిడ చొక్కా నా చేతిలోంచి తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లారు. ఆ గుర్తులు పోయాక కూడా చాలాసేపు ఉతుకుతూనే ఉన్నారు.

అప్పటినుంచి పిల్లలు మా ఆయన్ని చూసి ‘నమిలే మావయ్యా’ అని అరిచి పరిగెత్తేవాళ్లు. కూరల కొట్టు దగ్గర నన్ను చూసి మాటలు ఆపేసేవాళ్లు. ఇది చాలదన్నట్టు, చిన్నమామయ్య ఒక శుభవార్త మోసుకొచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల డీలర్లు వస్తున్నారట. వాళ్లంతా చిట్టిని అమ్ముతారట.

“ఇక మనవాడు ఊరూరా తిరుగుతాడు వదినా! ప్రతి ఊళ్లోనూ చిట్టి అంటే వీడి మొహమే గుర్తుకు రావాలి!”

ఒక్క వీధికే ఆయన కాలర్ చాల్లేదు. ఇక ఊళ్ల లెక్కన పట్టుకుంటారన్నమాట. నాకు ఆ క్షణంలో ఏం చెయ్యాలో స్పష్టంగా, సంతోషంగా, పరీక్షలో నాకు బాగా వచ్చిన ప్రశ్నే పడినట్టు తెలిసిపోయింది.

వీడియో అన్నయ్య దగ్గరికి వెళ్లాను. అతనూ కడుపు మండి ఉన్నాడు. ఊళ్లో ఎవరి పెళ్లి టేపు నలిగినా టేపు నాసిరకమని అతన్నే తిడుతున్నారు.

“అన్నయ్యా, చిట్టి కొన్నవాళ్ల అభిప్రాయాలు తీశావు కదా. ఆ టేపులున్నాయా?”

“అన్నీ ఉన్నాయమ్మా.”

“వాళ్ల దగ్గరికే మళ్లీ వెళదాం. అదే ప్రశ్న అడుగుదాం.”

అతను నావంక చూసి, మెల్లగా, చెవుల దాకా నవ్వాడు. “మైకు ఎవరు పట్టుకుంటారు?”

“నేనే!”

మా ఆయన షాపులో ఉండగా, కూరలకని, కుట్టుకని, గుడికో లైబ్రరీకో అని చెప్పి బయలుదేరేదాన్ని. ఆ తిరుగుడంత సరదా నాకు కాలేజీ రోజుల్లో కూడా లేదు. ఎండకి చెప్పులు తారులో అతుక్కునేవి. ప్రతి ఇంట్లో మంచినీళ్లు, తిట్లు సమానంగా దొరికేవి. మొదట అందరూ తలుపు సగమే తీసేవాళ్లు. “ఓహో, నమిలేవాడి పెళ్లామా? ఇంకా ఏం అమ్ముతావు?” అనేవాళ్లు. అమ్మడానికి కాదు, వినడానికి వచ్చానంటే నమ్మేవాళ్లు కాదు. ఒకసారి నోరు విప్పాక మాత్రం ఆపడం కష్టమయ్యేది. టైలరక్క చిట్టిని కుట్టుమిషను కింద కాళ్లు పెట్టుకునే పీటగా వాడుతోంది. రిటైరైన లెక్కల మాస్టారు దానికి పైన గుడ్డ కప్పి పూలకుండీ పెట్టారు. “మొక్కకి మాత్రం బాగానే సరిపోయిందమ్మా,” అన్నారు నిజాయితీగా. బేకరీ ఆయన మొదట నన్ను లోపలికే రానివ్వలేదు. చిట్టి పెట్టెలకి సీలు వేసి ఉంటుందనీ, విప్పొద్దన్నది ఎవరనీ చెప్పాను. ఆయన పిండి పిసకడం ఆపాడు. చేతులు కడుక్కొచ్చి, కెమెరా ముందు నిలబడ్డాడు.

చివరి రోజు ఇంటికి వచ్చేసరికి అత్తయ్య వాకిట్లో ఉన్నారు. నా వెనక కెమెరా సంచితో వీడియో అన్నయ్య. నేను మైకు కొంగు చాటుకి లాక్కున్నాను.

“ఊళ్లో అందర్నీ అడిగావట?”

“అదీ... అత్తయ్యా...”

“నన్ను అడగవేం? నేనూ చిట్టి ఓనర్నేగా. మనింట్లోనూ ఉందిగా ఒకటి.”

ఆవిడ లోపలికి వెళ్లి, తల దువ్వుకుని, మడతలు నలగని బట్టలు కట్టుకుని వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. “మైకు పెట్టు. త్వరగా. పొయ్యి మీద అన్నం ఉంది.”

మా ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు. తెలిస్తే ఆయన మొహంలో కనిపించేస్తుంది. ఆయన మొహం అలాంటిది. అందుకే పెళ్లి చేసుకున్నాను.

డీలర్లు వచ్చే రోజున చిన్నమామయ్యే నన్ను పిలిచారు. “అమ్మాయ్, బల్ల మీదికి కొత్త గుడ్డ ఇస్త్రీ చేసి వెయ్యి. నేల దాకా దిగాలి.” నా అదృష్టానికి నాకే నవ్వొచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని గుడ్డ అంచులు సర్దుతూ, కింద ఉన్న ఖరీదైన మిషన్‌లో ఆయన టేపు తీసి నా టేపు పెట్టాను. మంచి మిషన్ కదా, చప్పుడైనా చెయ్యలేదు.

సాయంత్రం గుమ్మం ముందు కుర్చీలు వేశారు. డీలర్లు ముందు వరసలో, వెనక వీధి జనం. రోడ్డు అవతల టైలరక్క, మాస్టారు, బేకరీ ఆయన ఏమీ ఎరగనట్టు నిలబడ్డారు. మా ఆయన బల్ల పక్కన చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు. చిన్నమామయ్య కొత్త కోటులో తళతళలాడుతూ ముందుకొచ్చారు.

“మన చిట్టి గురించి నేను చెప్పడమెందుకండీ? కొన్నవాళ్లే చెబుతారు!” అని బల్ల మీది చిట్టి బటన్ ఠీవిగా నొక్కారు. వెనక మా ఆయన వేలు కదిలింది.

తెర మీద టైలరక్క, అట్టపెట్టెని చంటిపిల్లలా ఎత్తుకుని. “బ్రహ్మాండంగా ఉందండీ!”

డీలర్లు తలలూపారు. వెంటనే బొమ్మ మారింది. అదే టైలరక్క, కుట్టుమిషను ముందు. చిట్టి మీద పాదాలు. నా గొంతు అడుగుతోంది: “ఎలా ఉందండీ మా చిట్టి?”

“కాళ్లకి బాగానే ఉందమ్మా. టేపులకే పనికిరాదు.”

ఎవరో పకపకా నవ్వారు. మాస్టారు వచ్చారు, పెట్టెతో ఒకసారి, పూలకుండీతో ఒకసారి. నవ్వు వరసల్లో పాకింది. చిన్నమామయ్య మొహం మాత్రం నవ్వుతూనే ఉంది, దాన్ని మార్చడం మర్చిపోయినట్టు. “టేపు ఏదో కలిసిపోయింది, ఒక్క క్షణం,” అంటూ చిట్టి మీద ఆపే బటన్ నొక్కారు.

మా ఆయన వెనక చెయ్యి బిగుసుకోవడం నాకు మెట్ల మీదినుంచి కనబడింది. ఆ వేలికి అలవాటు. అది నొక్కేస్తుందనే అనుకున్నాను. ఈలోగా బేకరీ ఆయన తెర నిండా వచ్చాడు.

“ఆ రోజు నేను కాలర్ పట్టుకున్నాను. పట్టుకోవాల్సింది ఆ కాలర్ కాదు. తెలీక పట్టుకున్నా.”

ఆ తర్వాత కుర్చీలో నిటారుగా, మడత నలగని బట్టల్లో అత్తయ్య.

“ఇది మా మరిది ఇచ్చిన పెళ్లి కానుక. నా కోడలి పెళ్లి టేపునే తినేసింది. ఈ సరుకు తెచ్చింది మా మరిది. పెట్టె విప్పొద్దన్నది ఆయన. మాటలు పడింది నా కొడుకు. అన్నం పెట్టారని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. అన్నం పెట్టినందుకు చాకిరీ చేశాడు. పరువు కూడా ఇమ్మంటే ఎక్కడనుంచి తేవాలి?”

చిన్నమామయ్య బటన్ మళ్లీ నొక్కారు. మళ్లీ నొక్కారు. అత్తయ్య ఆగలేదు. చిట్టి మీది దీపం ఎర్రగా అలాగే వెలుగుతోంది.

“నొక్కరా,” అన్నారు చిన్నమామయ్య పళ్ల మధ్యనుంచి.

మా ఆయన తెర మీది తల్లిని చివరిదాకా చూశారు. తర్వాత చేతులు ముందుకు తెచ్చారు. కుడి చేతిలో వైరు రిమోట్. దాన్ని ఒకసారి చూసుకుని, బల్ల మీద, చిట్టి పక్కన, జాగ్రత్తగా పెట్టారు.

ముందు వరసలోని ముసలి డీలరు ఆ వైరుని కళ్లతో వెంబడించాడు. అది బల్ల అంచు దాటి గుడ్డ కిందికి వెళ్లింది. ఆయన లేచి వచ్చి, నేను ఇస్త్రీ చేసిన గుడ్డని రెండు వేళ్లతో ఎత్తి, వంగి చూశాడు.

“ఏవండోయ్,” అన్నాడు మిగతావాళ్లతో, “ఈ కింద ఉన్నదాని ధర అడగండి. అదైతే నేనూ తీసుకుంటా.”

ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చిన్నమామయ్య టీవీ వైరు పీకేసేసరికి కుర్చీలు సగం ఖాళీ అయ్యాయి. ఆయన కోటు గుండీలు పెట్టుకుంటూ, విప్పుకుంటూ అక్కడే నిలబడ్డారు. జాలి వేసిందా అని మా ఆయన తర్వాత అడిగారు. వెతుక్కున్నాను. దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే చిన్నమామయ్య మా గుమ్మంలోకి వచ్చారు. “వాటా ఖాళీ చేయండి.”

“సామాన్లు నిన్ననే సర్దేశాం,” అన్నారు అత్తయ్య. “చిట్టిని మాత్రం వదిలి వెళుతున్నాం. మీ కానుక మీకే.”

వీధిలో చివరకు ఒకే గది దొరికింది. వంట, పడక, కాపురం అన్నీ అందులోనే. వానలు మొదలయ్యాయి. పైకప్పు మీద చినుకులు పడుతుంటే ముగ్గురం ఒకే దీపం కింద కూర్చుని భోజనం చేయడం నాకెంత నచ్చిందో చెబితే అత్తయ్య, “దీనికి ఏదైనా నచ్చుతుంది,” అంటారు. మా ఆయన రేడియోలు బాగుచేసే చోట పనికి కుదిరారు. వీడియో అన్నయ్య మా పెళ్లి టేపులో నలిగిన ముక్క కోసేసి అతికించి ఇచ్చాడు. ఆ నవ్వు పోయింది. దానికి మాత్రం నేను ఎవర్నీ ఎప్పటికీ క్షమించను.

నిన్న ఇద్దరం గొడుగు కింద షాపు ముందునుంచి వస్తున్నాం. షాపు తెరిచే ఉంది. చిన్నమామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు, లోపల ఎవరూ లేరు. అప్పుడే అటుగా వెళ్తున్న ఒక పెద్దాయన మా ఆయన్ని ఆపాడు. మాకు ముఖ పరిచయం కూడా లేదు.

“బాబూ, ఆ వీసీఆర్ల కుర్రాడివి నువ్వే కదూ? మా మనవడు వీసీఆర్ కావాలని ప్రాణం తీస్తున్నాడు. నువ్వు ఏది చెబితే అది కొంటా. నీ అభిప్రాయం చెప్పు.”

మా ఆయన కంగారుపడ్డారు. ఇన్నాళ్లుగా ఊళ్లో అందరి అభిప్రాయమూ అడిగిన మనిషిని, ఆయన అభిప్రాయం అడిగినవాళ్లు లేరు. గొడుగు కింద ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని, పెద్దాయనకి మాత్రమే వినబడేలా ఏదో అన్నారు.

నేను గుమ్మం వైపు చూశాను. చిన్నమామయ్యకి మేం బాగా కనబడేలా గొడుగు కొంచెం పక్కకి వంచాను.

“ఏమండీ,” అన్నాను, “వానలో వినబడట్లేదు. కాస్త గట్టిగా చెప్పండి.”

ఆయన నావంక చూశారు. తర్వాత తలెత్తి, గట్టిగా చెప్పారు.